సుద్ద చుక్కలు

ఫిల్మ్‌నగర్,
జూన్ 20, 2024.

ప్రియమైన హనుమంతూ,

కవరు మీద నా దస్తూరి చూసి కూడా చింపి పారేయకుండా ఇక్కడిదాకా చదివావంటే నా అదృష్టం. మనం మాట్లాడుకొని ఇరవై ఆరేళ్ళయింది. నీకు చెవులు బొత్తిగా వినపడటం లేదని, ఫోను ముట్టవని రంగుల కొట్టు కమలాకర్ చెప్పాడు. చిరునామా కూడా అతనే ఇచ్చాడు. ఇక్కడినుంచి ఎర్రగడ్డకి ఆటోలో అరగంట. నేనే వద్దామనుకున్నాను. నువ్వు తలుపు తీసి, నన్ను చూసి, మళ్ళీ వేసేస్తావేమోనని జంకాను. ఉత్తరమైతే గుమ్మమైనా దాటుతుంది కదా.

నాకు ఉద్యోగం వచ్చింది. అరవై ఆరేళ్ళకు. జూబ్లీ హిల్స్‌లో ఐదేళ్ళ పిల్లల బడి. పొద్దున్నే వరసగా కార్లు ఆగుతాయి, సంచీలు పట్టుకొని డ్రైవర్లు దిగుతారు, వాళ్ళ వెనక నిద్రమొహాలతో పిల్లలు. బడి నడిపే స్ఫూర్తి గారి నాన్న సినిమాల పంపిణీదారు. చిన్నప్పుడు ఆయనతో, సినిమా బ్యానర్లు గీసే మన షెడ్డుకు వచ్చారట. "మీరు నిచ్చెన మీద నిలబడి కన్ను పెట్టగానే అంత పెద్ద ముఖం నావైపు చూసిందండీ. భయమేసి నాన్న వెనక దాక్కున్నాను" అన్నారు. ఆ ఒక్క జ్ఞాపకం మీద నన్ను పిలిచి, పిల్లలకు ముఖాలు గీయటం నేర్పమన్నారు. ఆగస్టు పదో తారీఖున ముఖాల పండుగ. ప్రతి పిల్లా ఇంట్లో ఒకరి ముఖం గీసి గోడకు పెట్టాలి, పెద్దవాళ్ళు వచ్చి చూస్తారు. అది కుదిరితే నేనుంటాను, లేకపోతే లేదు.

ఇక్కడే చిక్కు వచ్చింది. మొదటి రోజు బోర్డు మీద గొప్పగా రెండు కళ్ళు వేశాను. పిల్లలు నోరు తెరిచారు. చిన్మయి అనే పిల్ల లేచి, "తాతా, మరి ముఖం ఏది?" అంది. చుట్టూ ముఖం గీయబోయాను. ఒక పక్క చెంప ఉబ్బింది, గడ్డం జారింది, చెవి ఎక్కడ పెట్టాలో తోచలేదు. నీకు తెలియనిదేముంది, నేను జన్మలో ముఖం గీయలేదు. నువ్వు గీసిన ముఖంలో, నువ్వు సుద్దతో చుక్క పెట్టిన చోట కన్ను పెట్టి దిగేవాణ్ణి. ముఖం ఎలా మొదలుపెట్టాలో, కళ్ళు ఎంత ఎత్తులో రావాలో రెండు ముక్కలు రాసి పంపు. నాకు అడగటానికి ఇంకెవరున్నారు?

శకుంతలమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ జవాబు కోసం గేటు వైపు చూస్తూ,
గోపాలకృష్ణ


ఎర్రగడ్డ,
జూన్ 27, 2024.

మహారాజశ్రీ కళ్ళ గోపాలకృష్ణ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరికి జూబ్లీ హిల్స్‌లో కొలువు దొరికినందుకు నాకు ఎంత సంతోషమైందంటే, ఆ పూట అన్నం సయించలేదు. మా శకుంతల నన్ను చూసి, "ఏందయ్యా, ఎవరన్న పోయిండ్రా?" అని చేతులు ఊపి అడిగింది. లేదు, ఒకడు బాగుపడ్డాడు అని చెప్పాను.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అని నీలాంటి వాళ్ళను చూసే అన్నారు. ఇరవై ఆరేళ్ళు నేను బతికానా చచ్చానా అక్కర్లేదు. గడ్డం జారితే హనుమంతు గుర్తొచ్చాడు.

ఆ స్ఫూర్తి గారికి నువ్వు కన్ను పెట్టడమే గుర్తుందిగానీ, పది రోజులు ఎండలో బట్ట మీద గళ్ళు కొట్టి, నలభై అడుగుల ముఖాన్ని తలనుంచి గడ్డం దాకా లేపిన వాడు గుర్తు లేడు. ఎలా ఉంటాడు? నేను నిచ్చెన దిగాకే కదా కార్లు వచ్చేవి. ముహూర్తం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మేస్త్రి లక్ష్మయ్య ఆ ఉడుత వెంట్రుకల కుంచె నీ చేతికిచ్చేవాడు. రెండు కళ్ళు, నాలుగు చప్పట్లు, ఒక పూలదండ. ఆ చివరి రోజు నిర్మాత తెచ్చిన దండ నా భుజాన్ని రాసుకుంటూ వెళ్ళి నీ మెడలో పడింది. నా తలనిండా ఎర్ర రంగు. సొమ్మొకడిది, సోకొకడిది. మర్నాటినుంచి నేను రాలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, నువ్వూ అడగలేదు.

నాకు దండ మీద ఆశ లేదు. ఒక్క సంగతే ఈ రోజుకీ లోపల మండుతూ ఉంటుంది. నేను నీకంటే మూడేళ్ళు ముందు ఆ షెడ్డులో చేరాను. మేస్త్రి కళ్ళకు శుక్లాలు వచ్చి తన కుంచె ఇంకొకరికి ఇవ్వాల్సినప్పుడు నాకెందుకు ఇవ్వలేదు? నా చేతిలో ఏం లోటు చూశాడు? ఇచ్చేటప్పుడు నీ చెవిలో ఏదో చెప్పాడు, నువ్వు తల ఊపావు. అప్పుడు నా చెవులు బాగానే పనిచేసేవి, కానీ దూరంగా రంగు కలుపుతున్నాను.

సరే, అడిగావు కనుక చెబుతున్నాను. ముందు పిల్లల్ని కళ్ళు మూసుకొని తమ ముఖం తామే తడుముకోమను. ఎముక ఎక్కడుందో, మెత్తన ఎక్కడుందో వేళ్ళకు తెలియాలి. తర్వాత కాగితం మీద గుడ్డు గీయించు, సన్నవైపు కిందికి. ఆ గుడ్డును అడ్డంగా మూడు వాటాలు చెయ్యి. పై గీత మీద కళ్ళు, కింది గీత మీద ముక్కు. ఇంతే, బ్రహ్మవిద్య కాదు.

ఇట్లు,
ముఖాలు గీసిన కూలీ,
హనుమంతు


ఫిల్మ్‌నగర్,
జూలై 12, 2024.

ప్రియమైన హనుమంతూ,

తిట్టావు, అయినా పాఠం చెప్పావు. నాకు అది చాలు.

పిల్లలు కళ్ళు మూసుకొని ముఖాలు తడుముకోవటం నువ్వు చూసి ఉండాల్సింది. ఋత్విక్ అని ఒకడున్నాడు, వాడి నాన్న హీరో. చెక్‌పోస్టు దగ్గర హోర్డింగు మీద రోజూ కనిపించే ముఖమే. వాడు నాన్నను గీస్తానని నాలుగు కాగితాలు పక్కపక్కన అంటించాడు. ఎందుకురా అంటే, "మా నాన్న పెద్దగా ఉంటాడు కదా తాతా" అన్నాడు. కళ్ళ దగ్గర రెండు నల్లద్దాలు దిద్దేసి, పని అయిపోయిందన్నాడు. అద్దాల కింద ఏముందిరా అని అడిగితే ఇంటికి వెళ్ళి చూసొస్తానన్నాడు. మర్నాడు వచ్చి, "కుడికన్ను కింద పుట్టుమచ్చ ఉంది" అని రహస్యంగా చెప్పాడు. చిన్మయి వాళ్ళ వంటమ్మ జగదాంబను గీస్తోంది. ముక్కుపుడక ఎటువైపో అని రోజూ ఫోను చేయించి కనుక్కుంటోంది.

ఇదంతా బాగానే ఉంది. ఒకచోట మాత్రం నా పరువు పోయింది. నువ్వు చెప్పినట్లే గుడ్డును మూడు వాటాలు చేయించి పై గీత మీద కళ్ళు పెట్టించాను. అన్ని ముఖాలకూ నుదురు లేదు, గడ్డాలు బారెడు. ఇంత చిన్న పిల్లలు ఇంతకంటే ఏం గీస్తారులే అనుకున్నాను. మహతి అనే పిల్ల ఒప్పుకోలేదు. దానికి నోరు తక్కువ, చూపు ఎక్కువ. జేబులోంచి ఊలు దారం తీసి, అద్దం ముందు నిలబడి, నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిచింది. దారాన్ని సగానికి మడిచి మళ్ళీ ముఖం మీద పెట్టుకుంది. సగం దగ్గర సరిగ్గా కళ్ళు. పక్కపిల్లను కొలిచింది, అక్కడా అంతే. "తాతా, కళ్ళు మధ్యలో ఉన్నాయి. మీరు తప్పు చెప్పారు" అంది.

నేనేమన్నానో తెలుసా? నీ దారం సాగిందమ్మా అన్నాను. నాకు ఈ సంగతి చెప్పినాయన హైదరాబాదులో అందరికంటే పెద్ద ముఖాలు గీశాడు, ఆయన తప్పు చెప్పడు అన్నాను. ఆ పిల్ల దారం చుట్టి జేబులో పెట్టుకొని, మూలకు పోయి ఏడ్చింది.

మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది. స్ఫూర్తి గారు అందరి ముందూ నన్నే నిలబెట్టి నా ముఖం దారంతో కొలిచారు. సగం దగ్గర నా కళ్ళు. "ఇది మీకెవరు నేర్పారండీ?" అని అడిగారు. నీ పేరు చెప్పలేదు. వయసు మీద పడింది, నేనే మరిచిపోయానన్నాను. పదో తారీఖు దాకా చూస్తానని, ఆ తర్వాత ఫైన్ ఆర్ట్స్ చదివిన కుర్రవాడెవరో ఉన్నాడని మర్యాదగానే చెప్పారు.

నీమీద నాకేం కోపం లేదు. ఇన్నేళ్ళయింది, నువ్వూ మరిచిపోయి ఉంటావు. ఒకసారి అద్దంలో చూసి, సరైన కొలత మళ్ళీ రాసి పంపు.

నీ
గోపాలకృష్ణ


ఎర్రగడ్డ,
జూలై 17, 2024.

గోపాలకృష్ణకు,

నేనేం మరిచిపోలేదు. ముప్పై ఏళ్ళు గీసిన ముఖం మరిచిపోతే నేను నా పేరు మరిచిపోయినట్లే. కళ్ళు సగం దగ్గర ఉంటాయని నాకు తెలుసు. కావాలనే పైకి జరిపి రాశాను.

నిచ్చెన మీద ముక్కు బట్టకు ఆనించి నాలుగడుగుల కన్ను గీసిన వాడికి మొత్తం ముఖం ఎప్పుడూ కనపడి ఉండదని, ఏది చెబితే అది నమ్ముతావని నాకు తెలుసు. పెద్దింటి తల్లులు వచ్చి, ఆ బొమ్మలు చూసి నవ్వాలని, నువ్వు వాళ్ళ మధ్యన తల వంచుకొని నిలబడాలని అనుకున్నాను. ఆ దండకు బదులు ఇది అనుకున్నాను. ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి రెండోసారి కూర అడిగి వడ్డించుకున్నాను కూడా.

అనుకున్నదే జరిగింది, కానీ నువ్వు నా పేరు చెప్పలేదు. అది నాకు మింగుడు పడటం లేదు. చెప్పి ఉంటే నీమీద ఇంకా మండిపడుతూ హాయిగా ఉండేవాణ్ణి.

ఆ పిల్ల సంగతి వేరు. మహతిది నిజమైన కన్ను. మన షెడ్డులో ఇరవై మంది చేరారు, ఒక్కడు కూడా తనంతట తాను ఆ కొలత కనిపెట్టలేదు. నాకే మేస్త్రి చెబితే తెలిసింది. ఆమె దారం సాగలేదని, తప్పు చెప్పినవాడు ఎర్రగడ్డలో ఉన్న ముసలి కుళ్ళుబోతని తరగతి ముందు చెప్పు. నా పేరు పెట్టి చెప్పు. స్ఫూర్తి గారికి కూడా.

కింద కొలతలన్నీ రాశాను, ఈసారి మా ఇంట్లో దారంతో కొలిచి మరీ రాశాను. శకుంతల ముఖం కొలుస్తుంటే, "పెండ్లయి నలభై ఏండ్లకు నా ముఖం సూస్తున్నవా?" అంది. కళ్ళు సగం దగ్గర. రెండు కళ్ళ మధ్య ఇంకొక కన్ను పట్టేంత జాగా. చెవి కనుబొమ్మ నుంచి ముక్కు కొస దాకా. నోటి చివరలు కంటిపాపల కిందికి. పిల్లలకు వీటిని అంకెలుగా చెప్పకు. తలా ఒక దారం ముక్క ఇవ్వు, ఇంట్లో అమ్మానాన్నల్ని, తాతల్ని, పనివాళ్ళను కొలుచుకురమ్మను. కొలవాలంటే దగ్గరికి పోవాలి. దగ్గరికి పోతే చూస్తారు.

నా తప్పు నేను ఒప్పుకున్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ రోజు మేస్త్రి నీ చెవిలో ఏమన్నాడు? హనుమంతు చేయి మోటు అన్నాడా? వాడు ముఖానికే పనికొస్తాడు, చూపు వాడి వల్ల కాదు అన్నాడా? ఎంత చేదు మాటైనా సరే రాయి. ఇరవై ఆరేళ్ళుగా నేనే రోజుకొక మాట కల్పించుకొని మింగుతున్నాను. వాటికంటే నిజం మరీ చేదుగా ఉండదు.

హనుమంతు


ఫిల్మ్‌నగర్,
జూలై 27, 2024.

హనుమంతూ,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నీమీద ఉడికిపోయాను. ఐదేళ్ళ పిల్ల ఏడిచింది కదరా. నాలుగో రోజు కోపం దిగిపోయి, దాని కింద నా కుళ్ళు కనపడింది. అది నీ కుళ్ళుకంటే పాతది.

నువ్వు షెడ్డు వదిలి వెళ్ళాక నేను పెద్ద వెలుగు వెలిగానని నువ్వు అనుకుంటున్నావు. ఫ్లెక్సీలు వచ్చి నా పని పోయిందని నేనే అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం. నీ స్థానంలో ఒక కుర్రవాణ్ణి పెట్టారు. వాడు ముఖం బాగానే లేపాడు, చుక్కలు పెట్టడం మాత్రం వాడికి తెలియదు. నేను నిచ్చెన ఎక్కి, నాకు తోచిన చోట కళ్ళు పెట్టి దిగాను. దూరం పోయి చూస్తే హీరోకి మెల్లకన్ను. చెరిపి మళ్ళీ పెట్టాను, ఈసారి రెండు కళ్ళు రెండు ఎత్తుల్లో. అభిమానులు వచ్చి నన్ను కొట్టినంత పని చేశారు. ఇంకొక బ్యానర్‌కీ అలాగే అయింది. నువ్వు పోయిన మూడో నెలలోనే నన్ను పొమ్మన్నారు. ఫ్లెక్సీలు రావటానికి అప్పటికింకా చాలా కాలముంది.

ఇక మేస్త్రి మాట. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"హనుమంతు సుక్క పెట్టిన కాడనే కన్ను పెట్టు. ఒక్క ఏలు అటు జరిగినా ముఖం సచ్చిపోతది. వాడు సుక్క పెట్టకుంటె నువ్వు కుంచె ముట్టకు. ఇప్పుడు వానికి చెప్తే నెత్తికెక్కుతది. నేను పోయినంక నువ్వే చెప్పు."

నువ్వు షెడ్డు వదలకముందే ఆయన పోయాడు, ఆ రోజు పాడె దగ్గర నువ్వూ ఉన్నావు. చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. చెబితే ఆ చప్పట్లన్నీ నీ ఇంటికి నడిచిపోతాయి, నా దగ్గర ఒక కుంచె మాత్రం మిగులుతుంది. అది భరించలేకపోయాను. నువ్వు నిచ్చెన మీదున్నప్పుడు నేను కింద టీ తాగుతూ నీ చేతిని చూసేవాణ్ణి. ఏమీ లేని బట్ట మీద ముక్కు లేచేది, చెంప నిండేది. నాకు ఎన్ని జన్మలెత్తినా అది రాదని అప్పుడే తెలుసు. నాకు దండ వేస్తున్నప్పుడు కూడా నిన్ను చూసి అసూయ పడ్డానంటే నమ్ముతావా?

కనుక నీకు లోటు చూసి మేస్త్రి కుంచె ఇవ్వకపోవటం కాదు. ఆ కుంచెను నీ చుక్కలకు కట్టి నాకిచ్చాడు. ఈ కవరుతో పాటు చిన్న డబ్బా వస్తుంది. అందులో అది ఉంది. ఉడుత వెంట్రుకలు కొన్ని రాలిపోయాయి, పిడి మీద మేస్త్రి పళ్ళ గాట్లు ఇంకా ఉన్నాయి. నీ దగ్గర ఉండాల్సిన వస్తువు.

తరగతిలో నువ్వు చెప్పమన్నట్లే చెప్పాను. మహతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చొని, నీ దారం సాగలేదమ్మా, నేను తప్పు అన్నాను. ఎర్రగడ్డ తాత కావాలనే తప్పు చెప్పాడని కూడా చెప్పాను. "ఎందుకు?" అంది. ఆయన బొమ్మకు నాకు చప్పట్లు కొట్టారమ్మా అన్నాను. అది బాగా ఆలోచించి, "అయితే నాకూ కోపం వచ్చేది" అని తీర్పు చెప్పింది. ఋత్విక్ మాత్రం నాన్నను దారంతో కొలవటానికి మూడు రోజులుగా కాచుకొని కూర్చున్నాడు. నిన్న రాత్రి దొరికాడట. హీరో గారు అద్దాలు తీసి, కదలకుండా కూర్చున్నారట.

స్ఫూర్తి గారికి కూడా అంతా చెప్పేశాను. ఉద్యోగం సంగతి పదో తారీఖున తేలుతుంది.

ఇన్నాళ్ళూ నీ సొమ్ము దాచుకున్న
గోపాలం


ఎర్రగడ్డ,
ఆగస్టు 5, 2024.

ప్రియమైన గోపాలానికి,

నీ ఉత్తరం చదివి నేను పొంగిపోయానని రాస్తే నువ్వు నమ్మవద్దు. ముందు నీమీద ఎంత కోపం వచ్చిందో రాయటానికి కాగితం చాలదు. ఒక్క మాటరా. పాడె దగ్గర ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఇరవై ఆరేళ్ళు దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాసుకుంటూ, నా చేతిని నేనే తిట్టుకుంటూ బతికేవాణ్ణి కాదు. ఆ మాట నాది. నువ్వు తిన్నావు.

తర్వాత డబ్బా విప్పాను. మేస్త్రి పళ్ళ గాట్ల మీద వేలు పెట్టుకొని కాసేపు కూర్చున్నాను. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఏమిటో దాచకుండా చెబుతాను. మేస్త్రి పొరపాటు పడ్డాడనుకున్నాను. ముఖమూ నాదే, చుక్కా నాదే అయినప్పుడు కన్ను కూడా నాకే వచ్చి ఉండేది. ఇక నీ అవసరం ఏముంది? ఇవాళ తేల్చేద్దాం అనుకొని శకుంతలను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను.

ముఖం ఒక్క పొద్దులో లేచింది. చేయి ఏం మరిచిపోలేదు. సరైన చోట రెండు చుక్కలు పెట్టాను. కుంచె ముంచి కన్ను పెట్టాను.

అది నన్ను చూడలేదు.

తుడిచి మళ్ళీ పెట్టాను. మర్నాడు మళ్ళీ, ఆ మర్నాడు మళ్ళీ. కొలత తప్పలేదు గోపాలం, దారంతో కొలిచాను. రెప్ప ఉంది, పాప ఉంది, తెల్లటి మెరుపు కూడా పెట్టాను. అయినా అది బజారులో చేప కన్ను. శకుంతల వచ్చి చూసి, "ఎవరయ్యా ఈమె? నన్ను ఎర్కబట్టనట్టే సూస్తున్నది" అంది. నేను నాలుగోసారి కుంచె తీస్తుంటే చేయి పట్టుకొని ఆపింది. "జర ఆగు. ఆ కండ్లాయిననే పిలువు. నన్ను గుడ్డిదాన్ని జెయ్యకు."

అది నా చెవికి వినపడలేదు. పెదవులు చూసి తెలుసుకున్నాను. అయినా ఇంత గట్టిగా నాకు ఏ మాటా వినపడలేదు.

నాకు లోటు ఉంది. మేస్త్రి ఆ రోజే చూశాడు. నీకూ ఉంది, అదీ చూశాడు. మనిద్దరినీ ఒక నిచ్చెనకు కట్టాడు. మనం దాన్ని చెరోవైపు లాగి విరగ్గొట్టుకున్నాం.

నీమీద కుళ్ళు పోయిందని మాత్రం అనుకోకు. మూడు రోజులు ఆ కన్ను పెట్టడానికి చచ్చి, ఇప్పుడు నిజంగా కుళ్ళుకుంటున్నాను. ఇదివరకు నీ దండ చూసి ఏడ్చేవాణ్ణి, ఇప్పుడు నీ చేయి చూసి ఏడుస్తున్నాను. ఇది కొంచెం మర్యాదగా ఉంది.

పదో తారీఖున ముఖాల పండుగకు నేనూ శకుంతలా వస్తున్నాం. చెవిటివాణ్ణి కనుక తల్లులు ఏమన్నా నాకు ఫికర్ లేదు. పిల్లల బొమ్మల్లో కళ్ళు నువ్వు దిద్దవద్దు, నేనూ దిద్దను. ఋత్విక్ నాన్న పుట్టుమచ్చ ఎక్కడుందో వాడికి తెలుసు. ఆ తర్వాత నీ ఉద్యోగం ఉంటే ఉంటుంది. ఉంటే వారానికి ఒకరోజు ముఖం నేను నేర్పుతానని స్ఫూర్తి గారితో చెప్పు. జూబ్లీ హిల్స్ కుర్చీ ఎలా ఉంటుందో నేనూ చూడాలి కదా.

శకుంతల బొమ్మ బట్టలో చుట్టి తెస్తున్నాను. కళ్ళు శుభ్రంగా తుడిచేసి, సుద్దతో రెండు చుక్కలు పెట్టాను. కుంచె కూడా తెస్తున్నాను. పిల్లలందరి ముందు నువ్వే పెట్టాలి. నేను కింద నిలబడి చూస్తాను.

చుక్కలు ఈసారి సరైన చోటే పెట్టాను. అయినా నువ్వు నా మాట నమ్మవద్దు. ముందు మహతిని దారం తెమ్మను.

నీ
హనుమంతు